విడాకుల వేళ ఇంటికి వెల కట్టించడం ఎలా?

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: ఫ్లాట్ చివరికి ఎవరికి దక్కబోతోంది? అది తేలేదాకా ధర ఊసెత్తకండి. మీకే మిగిలేటట్టయితే అది పాత కొంప. ఆవిడ ఉంచుకుంటానంటే మాత్రం మియాపూర్ మెట్రోకి కూతవేటు దూరంలో ఉన్న బంగారంలాంటి ఇల్లు.

రిజిస్టర్డ్ వాల్యుయర్‌ని పిలవడం శుద్ధ దండగ. ఆయన టేపు పట్టుకుని కార్పెట్ ఏరియా కొలుస్తాడు. భూమిలో మీ వాటా ఎన్ని గజాలో అడుగుతాడు. బిల్డింగ్ వయసును బట్టి తరుగు తీస్తాడు. చుట్టుపక్కల ఫ్లాట్లు ఎంతకు పోయాయో కనుక్కుంటాడు. ఇంతా చేసి, ఆ ధర ఎందుకో కారణాలు రాసి మరీ సంతకం పెడతాడు. మనకెందుకండీ ఈ చాదస్తం? మీ పెద్దమ్మ కొడుకు రియల్ ఎస్టేట్‌లోనే ఉన్నాడుగా! ఎంత రాయమంటే అంత రాసిస్తాడు. ఇద్దరూ కలిసి ఒకే వాల్యుయర్‌ని పెట్టుకుని ఫీజు చెరిసగం వేసుకోండని మీ లాయరు అన్నాడా? ఆ లాయరు అవతలి పక్షం వాళ్లకు చుట్టమేమో ఆరా తీయండి.

ఆవిడ తరఫు వాల్యుయర్ వచ్చే రోజు ఉంది చూశారూ, అదీ పండగంటే. బాగు చేయించమని ఆవిడ ఏళ్ల తరబడి పోరినా మీరు పట్టించుకోని బాత్‌రూమ్ గోడ చెమ్మ ఆ రోజు మీ పాలిట కామధేనువు. తిన్నగా అక్కడికే తీసుకెళ్లండి. "నీళ్లెక్కడండీ, ట్యాంకరే గతి" అని నిట్టూర్చండి. లిఫ్టు ఆపించి నాలుగంతస్తులూ మెట్ల మీదుగా ఎక్కించండి. మాడ్యులర్ కిచెన్ కంటపడకుండా భారీ కాయమున్న బాబాయిని ఎవరినైనా గుమ్మంలో నిలబెట్టండి. వాస్తు బాలేదనీ, ఈ ఇంట్లో అడుగుపెట్టాకే కాపురంలో కలతలనీ చెప్పండి. నమ్మకపోతే కేసు కాగితాలు చూపించండి, అంతకన్నా రుజువేం కావాలి?

అంకె చెప్పక తప్పదంటే రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన విలువ చూపించండి. స్టాంపు డ్యూటీ లెక్కకు పెట్టిన ఆ ధరకు ఈ వీధిలో ఇల్లెవరిస్తారని అడిగితే, సర్కారు మాటకే ఎదురు చెప్తారా అని దబాయించండి. కిందటేడు టాపప్ లోను కోసం ఇదే ఇంటికి ఘనంగా వెల కట్టించిన బ్యాంకు రిపోర్టును మాత్రం బీరువాలో చీరల కింద దాచండి. చీరలు ఎవరివన్నది తర్వాత ఆలోచిద్దాం.

ఇక ఇంటి లోను బాకీ. మీరివ్వాల్సిన లెక్కలో మొత్తం బాకీ తీసేయండి, మీరు పుచ్చుకునే లెక్కలో దాని మాటే ఎత్తకండి. లోను కాగితాల మీద ఇద్దరి సంతకాలూ ఉన్నా, విడాకుల డిక్రీ రాగానే బ్యాంకు ఒక పేరు తనంతట తానే కొట్టేస్తుందని హాయిగా నమ్మండి. డిక్రీలో మీరేం రాసుకున్నా, కంతు తప్పితే బ్యాంకు ఇద్దరికీ నోటీసు పంపుతుంది, అది వేరే సంగతి.

పెళ్లయ్యాక కొన్నదంతా చెరిసగమనే చట్టం మన దగ్గర లేదని ఎవరైనా చెప్పారా? ఇంకేం, అసలు వెల కట్టించడమే మానేయండి. భరణం తేల్చేటప్పుడు జడ్జిగారు ఆస్తుల లెక్క అడగరనే ధైర్యంతో ఉండండి. కాకపోతే 2020లో రజనీశ్, నేహల కేసులో సుప్రీంకోర్టు, భరణం వ్యవహారాల్లో ఇద్దరూ తమ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో చూపించాల్సిందేనంది. దాని కింద సంతకం మీరే పెట్టాలి, పెద్దమ్మ కొడుకు పెడితే చెల్లదు.