రోహిణి పోతానే బడి: తల్లిదండ్రులకు ఉచిత సలహాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అది పోతానే మిరగం, మిరగంతోపాటే బడి. మన సీమలో జూన్ రెండో వారం వచ్చిందంటే బుడ్డల విత్తనాలకూ పిల్లల ఫీజులకూ ఒకే సంచిలో చెయ్యి పెట్టాల. ముగ్గురు పిల్లల్ని బడికి పంపి, అందులో ఇద్దరిని నడిమధ్యలో మాన్పించిన అనుభవం నాది. ఆ అనుభవంతోనే చెబుతున్నా, వినండి.

ముందు బడి ఎట్ల ఎంచుకోవాలో తెలుసుకోండి. లోపలికి పోయి చూడొద్దు, గేటు మీది ఫ్లెక్సీ చూడండి. దాని మీద ఎన్ని తలకాయలుంటే అంత గొప్ప బడి. ఆ తలకాయలే నంద్యాల ఫ్లెక్సీ మీదా, కడప ఫ్లెక్సీ మీదా కనబడినాయా? ఇంకా మంచిది, ఒక్క పిల్లోడే మూడూర్లలో ఫస్టు వచ్చినాడన్నమాట. ఆటస్థలం ఉంటే మాత్రం అనుమానపడండి. ఒకటో తరగతికి ఎంట్రన్సు పరీక్ష పెడితే అక్కడికక్కడే చేర్పించేయండి. అట్ల పరీక్ష పెట్టడం తప్పని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది, మొదటిసారికి 25 వేల దాకా జరిమానా అని కూడా రాసింది. చట్టం కాదన్న పనిని పట్టపగలు చేస్తున్నారంటే ఎంత గుండె ఉన్న బడో చూసుకోండి! ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లు నూటికి 25 పేదింటి పిల్లలకు ఇయ్యాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. దానికి అర్జీ పెట్టుకుంటే ఊర్లో పరువేం కావాల? ప్రొద్దుటూరులో ఆడామె గాజులు కుదువబెట్టి కట్టిన ఫీజుకుండే మర్యాదే వేరు. రశీదు అడిగి ఆ మర్యాద చెడగొట్టుకోవద్దు.

కడపలో 1821లో బ్రౌన్ దొర ఉచితంగా బడులు పెట్టినాడు. ఫీజు లేని బడిని ఎవరూ లెక్కచేయరని ఆయనకు చెప్పే మనిషి దొరకలేదు, పాపం.

సర్కారు బడే గతి అయితే బ్యాగు, మూడు జతల యూనిఫాం, బూట్లు, బెల్టు వాళ్లే ఇస్తారు. తల్లికి వందనం పథకం కింద పిల్లకు 15 వేలు. అందులో 2 వేలు బడి నిర్వహణకు పోను 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. పేరులోనే ఉంది కదా, వందనం తల్లికి. డబ్బు ఎరువుల అంగడాయనకు.

పుట్టిన తేదీ గురించి తల పగలగొట్టుకోవద్దు. నేను చేరినప్పుడు మా సారు నన్ను ఎగాదిగా చూసి జూన్ 1 అని రాసుకున్నాడు. మా వీధిలో పదకొండు మందిమి అదే రోజు పుట్టినాం. ఆధారులో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నా కంగారు లేదు. పదో తరగతి హాల్‌టికెట్టు వచ్చే ముందు రాత్రి చూసుకోవచ్చు.

ఇంక పిల్లల్ని తయారు చేసే పద్ధతి. వేసవంతా మిద్దె మీద పండుకుని అర్ధరాత్రి దాకా ఫోను చూడనీయండి. జూన్ 12న మాత్రం తెల్లారుజామున ఐదింటికి మొహాన బిందెడు నీళ్లు కుమ్మరించండి. ట్యాంకరు రాని ఊరైతే కేకతోనే సరిపెట్టండి. బూట్లు రెండు సైజులు పెద్దవి కొని ముందర దూది కుక్కండి. ఆదోని మార్కెట్టు ఉన్న జిల్లాలో దూదికేం కరువు? కాలు సరిపోయేనాటికి అట్ట ఊడిపోతుంది, అది వేరే సంగతి. గేటు దగ్గర పిల్ల ఏడిస్తే సముదాయించొద్దు. దానికి వినబడేటట్టే, "సార్, కండ్లు రెండూ వదిలిపెట్టి తక్కినదంతా మీ ఇష్టం" అని చెప్పి వచ్చేయండి.

ఫీజుకు దారి లేదా? తొలకరి పడింది కదా! తుగ్గలి, జొన్నగిరి చేన్లలో వజ్రాలు తేలే కాలం ఇదే. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చెట్ల కింద వండుకుని తింటా వెతుకుతారు. పిల్లల కండ్లు చురుకు, వంగినా నడుము నొయ్యదు. మొదటి వారం బడిలో పుస్తకాలు పంచడం తప్ప ఏముంటుంది? పిల్లోణ్ణి వెంటబెట్టుకుని పోండి. నేను మూడేండ్లు పోయినా. సేరుకు పైగా గాజుపెంకులు దొరికినాయి. నాలుగో ఏడు వాన సరిగ్గా పడలేదు, లేకపోతే ఈ వ్యాసం రాసే అవసరం నాకుండేది కాదు.

శ్రావణం నాటికి నంద్యాల పక్క విత్తన పత్తి చేన్లలో క్రాసింగు మొదలవుతుంది. మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు రుద్దే పని. చిన్న వేళ్లకే బాగా కుదురుతుంది, చెట్టు ఎత్తూ పిల్ల ఎత్తూ ఒకటే. "రెండు నెలలే కదా" అనుకోండి. ఆ రెండు నెలల్లో భాగహారం చెప్పేసి ఉంటారు, తిరిగిపోయినాక పిల్ల నామోషీతో అడగదు. మీకూ గొడవుండదు. పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో చట్టం సవరించినారు. బడి అయినాక ఇంటోళ్లకు సాయం చేయొచ్చని మాత్రం ఒక సందు ఉంచినారు. ఆ సందులో ఎద్దులబండి తోలండి. ఎవరన్నా అడిగితే చేను మేనమామది.

దీపావళి పోతే సుగ్గి వలస. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వాళ్లకు నేను చెప్పేదేముంది? గుంటూరు మిరప చేన్లకు బండి ఎక్కేటప్పుడు మూటలతోపాటు పిల్లల్నీ ఎక్కించండి. సార్లు వచ్చి, "సీజనల్ హాస్టలుంది, మీరొచ్చేదాకా ఇక్కడే అన్నం పెట్టి చదివిస్తాం, వదిలిపోండప్పా" అని బతిమాలుతారు. వినొద్దు. మీరు కాయలు కోస్తుంటే చంటిదాన్ని ఎవరు ఎత్తుకుంటారు?

మా పెద్దది ఐదో తరగతిలో మాతో వచ్చింది. తమ్ముణ్ణి బాగా చూసుకుంది. ఎండలు ముదిరినాక తిరిగొచ్చినాం. ఆ యేడు దానికిచ్చిన బ్యాగు కొత్తది కొత్తదిగానే ఉండిపోయింది. ఇప్పుడు విత్తనం బుడ్డలు దాంట్లోనే పోసి పెడుతున్నాం. జిప్పు గట్టిది, ఎలుకలు దూరవు.