గబ్బిలానికి భగవద్గీత

ధ్వనిని అంకెలుగా మార్చి పళ్లెంలో పొదిగే విద్యకు 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు, అనగా లోకవ్యవహారంలోని సీడీ, ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది. అది ధ్వనితరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో, అంటే 65,536 మెట్లున్న నిచ్చెన మీద ఏదో ఒక మెట్టుగా, రాసుకుంటుంది. ఇంత చేసినా సంగీతంలో ఏదో జారిపోతున్నదన్న బెంగ కొందరిని పీడించడంతో 1999లో సూపర్ ఆడియో సీడీ, 2000లో డీవీడీ-ఆడియో అవతరించాయి. మొదటిది ఒకే బిట్టుతో సెకనుకు 28,22,400 సార్లు కొలిస్తే, రెండవది 24 బిట్లతో 1,92,000 సార్ల వరకు కొలుస్తుంది. విజయనగరం జిల్లా రాజాంలోని సామాన్య శ్రోతకు వీటివల్ల ఒనగూడే లాభమెంత అన్నదే ఇక్కడ విచారణీయాంశం.

సెకనుకు ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం దాకా ఉండే కంపనాలను నష్టం లేకుండా తిరిగి పలికించవచ్చునన్నది శాస్త్ర సిద్ధాంతం. ఆ లెక్కన సీడీ సెకనుకు సుమారు 22,000 కంపనాల వరకు పలుకుతుంది. మనిషి చెవి పసితనంలో 20,000 దాకా విని, వయసుతోపాటు ఒక్కొక్క మెట్టూ దిగుతూ వస్తుంది. డీవీడీ-ఆడియో 96,000 కంపనాల దాకా అందించగలదు కనుక, ఆ పైభాగం పాత గుడి చూరుకు తలకిందులుగా వేలాడుతూ పురుగులను వేటాడే గబ్బిలాలకు అమితానందం కలిగించవచ్చును గాని, అవి డిస్కులు కొనవు.

ఇక బిట్ల సంగతి. ఒక్కొక్క బిట్టు అతి మెల్లని ధ్వనికీ అతి బిగ్గర ధ్వనికీ నడుమ దూరాన్ని దాదాపు 6 డెసిబెళ్ల మేర పెంచుతుంది కాబట్టి సీడీకి 96, 24 బిట్ల డిస్కుకు 144 డెసిబెళ్ల విస్తారం లభిస్తుంది. సీలింగు ఫ్యాను తిరిగే గదిలో సుమారు 40 డెసిబెళ్ల రొద ఎలాగూ ఉంటుంది. దానిమీద సీడీ విస్తారాన్ని పూర్తిగా అనుభవించాలంటే 136 డెసిబెళ్లకు చేరాలి, అది చెవి నొప్పి పుట్టే హద్దుకు ఆవల ఉన్నది. 24 బిట్లకు అదే లెక్క కడితే 184 వస్తుంది. పక్కింటి అప్ప వచ్చి "బాబూ, ఆ గోల కొంచెం తగ్గించండి" అన్నా వినడానికి అప్పటికి ఇంట్లో చెవి మిగలదు.

ఈ వాదాన్ని పరీక్షించిన వారూ ఉన్నారు. ఏది మోగుతున్నదో శ్రోతకు తెలియనివ్వకుండా జరిపే పరీక్షను గుప్త పరీక్ష అనవచ్చు. అమెరికాలోని బోస్టన్‌లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అటువంటి పరీక్షలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించగా, 554 ప్రయత్నాలలో 276 సార్లు మాత్రమే శ్రోతలు కొత్త డిస్కుకూ సీడీ ప్రమాణానికీ నడుమ తేడాను సరిగా పోల్చారు. బొమ్మా బొరుసా వేసినా ఇంతకు తగ్గదు. 2016లో జాషువా రైస్ ఇటువంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కించగా సరైన జవాబులు 52.3 శాతానికి చేరాయి, శిక్షణ పొందిన చెవులు మరికొంత మెరుగనిపించుకున్నాయి. కనుక తేడా బొత్తిగా లేదనడం సాహసం, ఉన్నదని అప్పు చేయడం అంతకు మించిన సాహసం.

విజయనగరంలో సంగీతం అభ్యసించిన ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) చివరి దశలో పాడిన భగవద్గీతను ఈ సందర్భంలో స్మరించక తప్పదు. టేపు మీద రికార్డు చేసిన ఆ కాలపు గానానికి టేపు బుస తోబుట్టువు. ఆ బుసను 24 బిట్లలో భద్రపరచడం వల్ల పాముల వాడికి తప్ప ఇతరులకు ప్రయోజనం శూన్యం. ఉత్తరాంధ్ర ఊళ్లలో ఆ గీత గుడి మైకు బాకాలోంచీ వైకుంఠ రథం మీదనుంచీ వినబడుతుంటుంది. ఆ బాకా అడుగు స్వరాలను మింగి, పై స్వరాలను నమిలి, నడిమి భాగాన్ని మాత్రమే బయటికి వదులుతుంది. అయినా విన్నవారికి వైరాగ్యం కలగడంలో ఇంతవరకు లోటు రాలేదు.

కొత్త డిస్కుల పక్షాన చెప్పవలసిన మాటా ఒకటున్నది. వాటిలో అధికభాగం మామూలు సీడీల కంటె వినసొంపుగా ఉన్నాయని బోస్టన్ పరీక్షకులే ఒప్పుకొన్నారు. అయితే అందుకు కారణం తయారీలో చూపిన శ్రద్ధ అన్నారు. వంటవాడు మంచివాడైతే ఆ ఘనత గిన్నెకు దక్కడం లోకరీతి. చుట్టూ ఐదారు స్పీకర్లు అమర్చుకోగలిగిన వారికి అన్ని వైపులనుంచీ సంగీతం వినిపించే సౌకర్యం కూడా ఈ డిస్కులలో నిజమైనదే.

ధ్వని ప్రయాణంలో ఏ మజిలీ బలహీనమో అక్కడే మిగతా వైభవమంతా ఆగిపోతుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద యుద్ధం జరుగుతుండగా రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడికి కబురు సమయానికి అందలేదని కథలు చెబుతాయి. అక్కడ లోపం వీరుడిదీ కాదు, కబురుదీ కాదు, దారిది. శ్రోత విషయంలో ఆ దారి స్పీకరు, గది, చెవి. కాబట్టి డిస్కుకు పెట్టదలచిన సొమ్ము మంచి స్పీకరుకు పెట్టి, వినేటప్పుడు ఫ్యాను కట్టేయడం ఉత్తమం. అయితే వైశాఖమాసపు రాజాంలో ఫ్యాను కట్టేసి వినదగిన డిస్కును ఏ కంపెనీ ఇంకా తయారు చేయలేదు.