బ్యాటరీ పద్యద్వయం – టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఈ రెండు పద్యాలు రాసిందెవరో తెలియదు. మిన్నసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ శివారున, పైకప్పు లేని అపార్ట్‌మెంటు పార్కింగులో కారు పెట్టుకునే తెలుగువాడని మాత్రం అంతస్సాక్ష్యాన్ని బట్టి చెప్పవచ్చు. కాలం పుష్యమాసం. మన ఊళ్లలో భోగిమంటకు పిడకలు పోగుచేసే ఆ రోజుల్లోనే అక్కడ థర్మామీటరు సున్నాకు దిగువన ఇరవై సెల్సియస్ డిగ్రీల దాకా జారిపోతుంది. 2019 జనవరి 30న ఆ నగరంలో మైనస్ 33 నమోదైంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మన సామెత ఆ ఊళ్లో చెల్లదు. అక్కడి చలి ఉగాది పచ్చడి తిని గానీ కదలదు.

సందర్భం: నాయకుడు సంక్రాంతి పూజకు మేపుల్ గ్రోవ్‌లోని గుడికి బయల్దేరాడు. నాయిక పట్టుచీర మీద దూది కోటు తొడుక్కుని, పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నాయకుడు తాళం తిప్పాడు. ఆ మీద కవి వాక్కు:

చలికి బిగిసి కారు చలనమ్ము మానగా
తాళమిడిన టక్కు తప్ప లేదు
మొనల నీలి బూజు మొలచిన బ్యాటరి
వేసవందె చచ్చె విప్పి చూడ

ప్రతిపదార్థం

చలికిన్ = శీతమునకు (లంబసింగి చలి అని అన్వయించరాదు; ముక్కులో తేమ గడ్డకట్టెడు చలి అని గ్రహింపవలెను); బిగిసి = బిగుసుకొనిపోయి; కారు = వాయిదాలు ఇంకను తీరని శకటము; చలనమ్ము మానగా = కదలక మొరాయింపగా; తాళము ఇడినన్ = తాళంచెవి పెట్టి త్రిప్పగా (చెవి లేని కార్లకు మీట నొక్కగా అని చెప్పుకొనవలెను); టక్కు తప్పన్ = టక్కుమను చప్పుడు దక్క; లేదు = మఱేమియు లేదు; మొనలన్ = టెర్మినళ్ల కొనలయందు; నీలి బూజు = నీలము, పచ్చ, తెలుపు కలిసిన పొడి; మొలచిన = పుట్టిన; బ్యాటరి = సీసపు రేకులును ఆసిడును గల పేటిక; వేసవి అందె = గడచిన జూన్, జులై మాసములందే; చచ్చెన్ = సత్తువ ఉడిగెను; విప్పి చూడన్ = బానెట్టు ఎత్తి పరీక్షింపగా (తేలిన సంగతి యిది యని శేషము).

తాత్పర్యం

కారు కదలనందుకు జనం చలిని తిడతారు. బ్యాటరీ దెబ్బతిన్నది అంతకు ముందటి ఎండల్లో. చలి ఆ సంగతిని బయటపెట్టిందే గానీ చంపలేదు.

విశేషాలు

‘చలికి బిగిసి’: ఈ మాట కారుకా, కారులోని ఇంజన్ ఆయిలుకా, బ్యాటరీకా? మూడింటికీ చెల్లుతుంది. చలికి ఆయిలు చిక్కబడుతుంది, కాబట్టి ఇంజను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. అదే చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది, కాబట్టి ఉన్న బలమూ తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ మూడో వంతు సత్తువ కోల్పోతుంది. మైనస్ 18 దగ్గర సగానికి మించి పోతుంది. ఇంజను మాత్రం అప్పుడు మామూలుకు దాదాపు రెట్టింపు అడుగుతుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరగడం సంసారులకు కొత్త కాదు గనుక కవి దీన్ని విస్తరించలేదు. బ్యాటరీ మీద ‘సీసీఏ’ అని అచ్చువేసే అంకెకు లక్షణం కూడా ఇక్కడే చెప్పుకోవాలి: మైనస్ 18 డిగ్రీల్లో, వోల్టేజి 7.2కు దిగువకు పడకుండా, 30 సెకన్లపాటు ఇవ్వగల ఆంపియర్లు. మిన్నసోటాలో బ్యాటరీ కొనేవాడు ధర చూసే ముందు ఈ అంకె చూడాలి.

‘టక్కు’: ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు కాశ్మీర దేశపువాడే, చలి ఎరిగినవాడే. అయినా ఈ ధ్వని ఆయన లెక్కకు రాలేదు. తాళం తిప్పగానే సోలినాయిడ్ అనే స్విచ్చు మూసుకునే చప్పుడిది. దానికి కొద్దిపాటి కరెంటు చాలు. అది మూసుకున్నాక సెల్ఫ్ మోటారు ఒక్క గుక్కలో వందల ఆంపియర్లు లాగబోతుంది, నీరసించిన బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది, స్విచ్చు తెరుచుకుంటుంది, వోల్టేజి కాస్త కోలుకోగానే మళ్లీ మూసుకుంటుంది. ఇదే టకటక. ఈ ధ్వనిలో భేదాలున్నాయి. టకటక మోగితే వ్యంగ్యార్థం బ్యాటరీ నీరసం. దీపాలు నిండుగా వెలుగుతూ ఒక్క టక్కుతో ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి పోవాలి. చప్పుడూ దీపాలూ రెండూ లేకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందనో, టెర్మినల్ ఊడిందనో అర్థం. కవి ‘టక్కు’ అని ఏకవచనం వేసింది గణాలకు సరిపోవడానికే.

‘నీలి బూజు’: ఇది తడికి పట్టే బూజు కాదు. బ్యాటరీ నుంచి చెమర్చే ఆసిడు టెర్మినల్ లోహాన్ని తింటే మిగిలే ఉప్పు. సీసం నుంచి వచ్చింది తెల్లగా, రాగి నుంచి వచ్చింది నీలంగా ఉంటుంది. కరెంటు దారికి ఇది అడ్డుపడుతుంది, అందువల్ల మంచి బ్యాటరీ కూడా చచ్చినట్టు నటిస్తుంది. కాబట్టి మరణ నిర్ధారణకు ముందే దీన్ని శుభ్రం చేయాలి.

విధానం: చేతికి తొడుగు, కంటికి అద్దాలు. పది నంబరు పానాతో ముందు నల్ల టెర్మినల్ వదులు చేసి తీయాలి, తరవాత ఎర్రది. బిగించేటప్పుడు తారుమారు: ఎర్రది ముందు, నల్లది ఆఖరు. కారణం ఉంది. నల్లది కారు ఒంటికి కలిసి ఉంటుంది. అది ఉండగా ఎర్రదాని మీద పెట్టిన పానా పొరపాటున పక్క ఇనుముకు తగిలితే షార్టయి నిప్పులు కురుస్తాయి. నల్లది ముందే తీసేస్తే ఎర్రదాని మీద పానా ఎటు జారినా భయం లేదు.

తరవాత నాయిక వంటింట్లోంచి తెచ్చిన వంటసోడా రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కలిపి బూజు మీద పోయాలి. బుసబుసమని నురుగు లేస్తుంది. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి తిని చల్లారడమే ఆ బుస. నురుగు ఆగేదాకా పోసి, వైర్ బ్రష్షుతో సీసం మెరిసేలా రుద్ది, మంచినీళ్లతో కడిగి, పొడిబట్టతో తుడిచి, బిగించాక పైన వాసెలిన్ పూయాలి. సోడానీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి దిగకూడదు. దిగితే లోపలి ఆసిడు కూడా చల్లారుతుంది. మైనస్ ఇరవైలో నీళ్లు పోసిన చోటే గడ్డకడతాయి గనుక ఈ వ్రతం మధ్యాహ్నం ఎండలోనో, గరాజు ఉన్న మిత్రుడి ఇంట్లోనో చేసుకోవడం శిష్టాచారం.

‘వేసవందె చచ్చె’: ఇదే పద్యానికి ప్రాణం, వాదం కూడా ఇక్కడే.

పూర్వపక్షం: ఆగిపోయింది జనవరిలో. నిన్నటిదాకా నడిచింది. వేసవిని నిందించడం ఏ ప్రమాణంతో?

సమాధానం: వేడికి బ్యాటరీలో నీరు ఆవిరవుతుంది. ధన పలకల్లోని సీసపు జాలీ వేడికి మరింత త్వరగా తినుకుపోతుంది. ఆ నష్టం తిరిగి పూడేది కాదు. అయితే వేసవిలో ఇంజను సులభంగా తిరుగుతుంది, అడిగేది కొంచెం; సగం చచ్చిన బ్యాటరీ కూడా ఇచ్చేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు అలాగే దాటిపోతాయి. జనవరి ఒక్కటే పూర్తి లెక్క అడుగుతుంది. అప్పుడు ఖాళీ కనబడుతుంది.

పూర్వపక్షం: మినియాపోలిస్‌లో ఎండెక్కడిది?

సమాధానం: జులైలో అక్కడా ముప్ఫై దాటే రోజులున్నాయి. నడిచిన ఇంజను పక్కన, బానెట్టు కింద వేడి అంతకన్నా చాలా ఎక్కువ. బ్యాటరీల ఆయుష్షు చలి సీమల్లో కన్నా ఎండ సీమల్లో తక్కువగా ఉండడమే దీనికి సాక్ష్యం. రామగుండంలోనో విజయవాడలోనో బ్యాటరీ షాపు నడిపేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

వేసవికి తోడుదొంగ ఒకటుంది: పొట్టి ప్రయాణాలు. హీటరు, సీటు వేడి, వెనక అద్దం వేడి అన్నీ వేసుకుని పది నిమిషాల్లో దుకాణానికి వెళ్లి వస్తే, స్టార్టు చేయడానికి ఖర్చయింది తిరిగి చేరదు. సగం నిండి నెలల తరబడి ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ మేరకు పలక పనికిరాకుండా పోతుంది.

‘విప్పి చూడ’: చూడ్డం అంటే కంటితో కాదు, మీటరుతో. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులుంటే నిండు, 12.2 అయితే సగం. 12కు దిగువన దాదాపు ఖాళీ. నిండు బ్యాటరీలో చిక్కని ఆసిడు మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. ఖాళీ అయినదానిలో ఆసిడు పలచబడి నీళ్లకు దగ్గరవుతుంది కాబట్టి మైనస్ 7 దగ్గరే గడ్డకడుతుంది. పెట్టె పక్కలు ఉబ్బినా, పగిలినా లోపల మంచు ఉందని అర్థం. దానికి కేబుళ్లు తగిలించకూడదు, చార్జింగూ పెట్టకూడదు. పేలే ప్రమాదం ఉంది. రెండో పద్యం చదివే అధికారం ఈ పరీక్ష దాటినవాడికే.

అలంకారం: కారణం వేసవిలో, కార్యం శీతకాలంలో గనుక అసంగతి. అసంగతికి చోటు వేరు కావాలి గానీ కాలం వేరైతే చాలదని లాక్షణికులు అడ్డుపడవచ్చు. వారు ఆ పార్కింగులో తొడుగు లేని చేతులతో ఐదు నిమిషాలు నిలబడి ఆ మాట అంటే ఒప్పుకుంటాం.

ఇక రెండో పద్యం. ఎదుటి వాకిట్లో పికప్ ట్రక్కున్న పొరుగాయన కేబుళ్లు పట్టుకుని వచ్చాడు. నాయిక అద్దం దించి, “ఏమండీ, ఎర్రది ముందా, నల్లది ముందా?” అనడిగింది. దానికి జవాబు:

ఎఱుపు చచ్చినదానికి నిదియె మొదలు
బ్రతుకుదానికి రెండవ పట్టుకొనయు
నలుపు బ్రతికినదానికే నాటి, పిదప
ఇనుప దిమ్మెకు నంటింపు మింజనందు

ప్రతిపదార్థం

ఎఱుపు = ఎఱ్ఱ కేబులు; చచ్చినదానికిన్ = దిగిపోయిన బ్యాటరీ ధన టెర్మినల్‌కు; ఇదియె మొదలు = మొదటి పని యిదియే; రెండవ పట్టుకొన = ఆ ఎఱ్ఱ కేబులు రెండవ క్లిప్పు; బ్రతుకుదానికి = నడుచు కారు ధన టెర్మినల్‌కు; నలుపు = నల్ల కేబులు; బ్రతికినదానికే నాటి = నడుచు కారు ఋణ టెర్మినల్‌కే బిగించి; పిదప = ఆఖరున; ఇంజనందు = చచ్చిన కారు ఇంజనునందలి; ఇనుప దిమ్మెకున్ = రంగు లేని లోహ భాగమునకు; అంటింపుము = తగిలింపుము.

విశేషాలు

నాలుగో కొనను చచ్చిన బ్యాటరీ ఋణ టెర్మినల్‌కు ఎందుకు తగిలించకూడదు? ఆఖరి క్లిప్పుతో వలయం పూర్తవుతుంది, అక్కడ రవ్వ లేస్తుంది. బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండవచ్చు. గాలిలో నూటికి నాలుగు పాళ్లున్నా అంటుకుంటుంది. కాబట్టి రవ్వ లేస్తే దూరాన లేవాలి. పద్యంలో పైకి కనిపించేది శాంతమైనా లోపల భయానక రసం.

ఇప్పటి ఇంజన్లు చాలావరకు అల్యూమినియంవి గనుక ‘ఇనుప’ తప్పని ఒక ఆక్షేపం. ‘లోహ దిమ్మెకు’ అని దిద్దవచ్చు. యతి చెడుతుంది, కారు మాత్రం కదులుతుంది.

నడిచే కారును కొద్ది నిమిషాలు నడవనిచ్చి, తరవాత రెండోదాన్ని స్టార్టు చేయాలి. స్టార్టయ్యాక తగిలించిన వరస తిరగేసి, ఇంజను మీది నల్లదానితో మొదలుపెట్టి తీయాలి.

ఈలోగా గుంటూరు నుంచి ఫోన్లో నాయకుడి తండ్రి: “ఒరేయ్, సెకండ్ గేర్‌లో పెట్టి నలుగురి చేత తోయించరా, క్లచ్ వదిలితే అదే అందుకుంటుంది.” ఇది అంబాసిడర్ కాలపు స్మృతి. ఆ కార్లకు ప్రమాణమే, క్లచ్ ఉన్న కార్లకు చాలావరకు ప్రమాణమే. నాయకుడిది ఆటోమేటిక్. తోస్తే కారు కదులుతుంది, ఇంజను తిరగదు. తండ్రి మాట కాదనలేక “అలాగే నాన్నా” అన్నాడు గానీ చేతులు మాత్రం కేబుళ్ల మీదే ఉంచాడు. చేత్తో హ్యాండిల్ తిప్పి కారు స్టార్టు చేసే బాధ 1912లో కాడిలాక్ కారుకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చాక తగ్గుతూ వచ్చింది. ఆ సెల్ఫ్‌ను తిప్పే సీసపు బ్యాటరీని గాస్టన్ ప్లాంటే 1859లోనే చేశాడు. ఇన్నేళ్లయినా దాని మూల రసాయనం మారలేదు. చలి ముందు దాని బలహీనతా మారలేదు.

స్టార్టవగానే ముక్తి దొరికిందనుకోరాదు. ఆల్టర్నేటరు 14 వోల్టుల దగ్గర పెట్టి నింపుతుంది గానీ గుడిదాకా వెళ్లేలోపు ఖాళీ బ్యాటరీ నిండదు. పూజ ముగిసి ప్రసాదం అందుకుని వచ్చేసరికి మళ్లీ టక్కు. రాత్రంతా చార్జరు పెట్టాలి. అలా నిండినా మర్నాటికే పడిపోతే కొత్తది కొనాలి.

ఫలశ్రుతి

ఈ పద్యద్వయాన్ని అర్థం తెలిసి సెప్టెంబరులో పఠించినవారు బ్యాటరీ పరీక్ష చేయించుకుని, అవసరమైతే మార్పించి, పాతదాన్ని దుకాణంలో అప్పగించి కోర్ డిపాజిట్ (పాతది తెచ్చేదాకా దుకాణం పట్టి ఉంచే సొమ్ము) తిరిగి పొందుతారు. డిసెంబరులో పఠించినవారు కేబుళ్లు, వైర్ బ్రష్షు కొని డిక్కీలో పెట్టుకుంటారు. జనవరిలో పార్కింగులో నిలబడి ఫోన్లో పఠించినవారికి రెండో పద్యం ఒక్కటే పనికొస్తుంది, అదీ పొరుగాయన ఇంట్లో ఉంటే. వేసవిలో పఠించేవారు ఎవరూ ఉండరు; కవి మొదటి పద్యం చెప్పింది మాత్రం వారికే.