శుక్రవారం పూట నల్లబట్టలు

పెద్ద ఊళ్ళలో తెలుగువాళ్ళకి రెండు సంఘాలుంటాయి, మూడోది పుట్టబోతూ ఉంటుంది. ఉగాది పచ్చడి రెండు హాళ్ళలో, రెండు వేర్వేరు శనివారాలు పంచుతారు. ఒకచోట తిన్నవాడు రెండోచోట కనబడితే గుసగుసలు. మధ్యరకం ఊళ్ళో ఆ సౌకర్యం లేదు. ఒకటే హాలు, ఒకటే ఉగాది. పోయినేడాది మైకు దగ్గర మాటామాటా అనుకున్నవాడి పక్కనే కూర్చుని ఈ ఏడాది పులిహోర తినాలి. ఉద్యోగం పేరు చెప్పి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో దిగాక, ఈ సూత్రం నాకు మనవాళ్ళకంటే ముందు గోత్‌లే నేర్పారు.

గోత్‌లంటే ఎవరే అని మా అమ్మ అడిగితే చెప్పిన జవాబే ఇక్కడా చెప్తాను. నల్లబట్టలు వేసుకుని, కళ్ళనిండా కాటుక దిద్దుకుని, చావు మీదా విరహం మీదా బొంగురు గొంతుతో పాడిన పాటలకి మెల్లగా ఊగే మంచి పిల్లలు. ఇందులో ‘పిల్లలు’ అన్నదొక్కటే అబద్ధం. చాలామందికి మా చిన్నాన్న వయసుంటుంది.

నాకీ పాటల పిచ్చి విజయవాడలోనే పట్టింది. ఇంజనీరింగ్ హాస్టల్లో కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకటే నెట్‌వర్క్ ఉండేది. ఎవరో పుణ్యాత్మురాలైన సీనియర్ ‘న్యూ ఫోల్డర్ 3’ అనే పేరుతో ఒక ఖజానా వదిలేసి వెళ్ళిపోయింది. అందులో పాటలకి పేర్లు లేవు, పాడినవాళ్ళ పేర్లు అంతకన్నా లేవు. ట్రాక్ 01, ట్రాక్ 02, అంతే. క్యాంపస్ ఇంటర్వ్యూల కాలమంతా నేను ట్రాక్ 04 మీద బతికాను. పాతాళంలోంచి వచ్చే గొంతు, వెనక అలుపన్నది ఎరగని డ్రమ్ములు. గదిలో మిగతావాళ్ళు ఏ.ఆర్. రెహమాన్ వింటూ ఉద్యోగాలు తెచ్చుకున్నారు. నేను అది వింటూ తెచ్చుకున్నాను. ఫలితంలో తేడా ఏమీ లేదు.

లీడ్స్‌కి వచ్చిన కొత్తలో జంబో రికార్డ్స్ అనే కొట్లోకి వర్షం నుంచి తప్పించుకోవడానికి దూరాను. 1971 నుంచి ఉన్న కొట్టు. లోపల ట్రాక్ 04 మోగుతోంది. కౌంటర్లో ఉన్నాయన్ని ఇదెవరిదని అడిగితే జాలిగా చూసి, ‘ఈ ఊరివాళ్ళదే కదా’ అన్నాడు. ది సిస్టర్స్ ఆఫ్ మెర్సీ. 1980లో లీడ్స్‌లోనే పుట్టిన బ్యాండు. పేరులో సిస్టర్స్ ఉన్నారు గానీ పాడేది ఆండ్రూ ఎల్డ్రిచ్ అనే ఆయన. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు మధ్యలో వదిలేసి, చైనీస్ నేర్చుకోవడానికి లీడ్స్ యూనివర్సిటీకొచ్చి, అదీ మధ్యలోనే వదిలేశాడు. ఆ అలుపెరగని డ్రమ్ములు మనిషి వాయించినవి కావు, యంత్రానివి. దానికి ‘డాక్టర్ అవలాంచ్’ అని పేరు పెట్టుకున్నారు. చదువు రెండుసార్లు మానేసినా, ఎలాగోలా బ్యాండులో ఒక డాక్టరు ఉండేట్టు చూసుకున్నాడు. ఏ తెలుగు తల్లిదండ్రులైనా అంతమాత్రానికి సర్దుకుంటారు.

ఆ రోజు కొట్టాయన నాకు చెప్పిన స్థలపురాణం పెద్దది. పక్క ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లో సదర్న్ డెత్ కల్ట్. లీడ్స్‌లోనే మార్చ్ వయొలెట్స్, రెడ్ లారీ ఎల్లో లారీ. గోత్ పాటలన్నిటికీ మూలమని చాలామంది ఒప్పుకునే బౌహౌస్ వారి తొమ్మిది నిమిషాల పాట 1979లో వచ్చింది. వాళ్ళది నార్తాంప్టన్, చెప్పుల పరిశ్రమకి పేరుపడ్డ ఊరు. ద క్యూర్ వాళ్ళది క్రాలీ, లండన్‌కి దక్షిణాన విమానాశ్రయం పక్కనుండే ఊరు. చూస్తే అన్నీ మధ్యరకం ఊళ్ళే. లండన్ మాత్రం 1982లో సోహోలో బ్యాట్‌కేవ్ అని ఒక క్లబ్బు తెరిచింది, పత్రికలన్నీ దాని ఫొటోలే వేశాయి. రాజధానికి ఎక్కడైనా అదే పని. పంట ఒకరిది, పేరు మార్కెట్ యార్డుది.

మధ్యరకం ఊళ్ళోనే ఇది ఎందుకు మొలిచిందన్న దానికి నా దగ్గరొక సిద్ధాంతం ఉంది. కుగ్రామంలో దిగులుపడితే అది నీ ఒక్కడి దిగులు. మహానగరంలో దిగులుపడడానికి తీరిక దొరకదు. అప్పట్లో లీడ్స్ లాంటి ఊళ్ళో ఒక యూనివర్సిటీ, ఒక పాలిటెక్నిక్, మూతపడ్డ మిల్లులు, ఆగని వాన, సాయంత్రం ఆరు దాటితే వెళ్ళడానికి చోటు లేకపోవడం, అన్నీ సరిపాళ్ళలో ఉండేవి. దిగులుపడ్డవాళ్ళు ఒక బ్యాండుకి సరిపడా తేలేవాళ్ళు.

సరే, పాట దొరికింది. మనుషులు దొరకాలి కదా. మెర్రియన్ సెంటర్ అని 1964లో కట్టిన షాపింగ్ సెంటరుంది. దాని కిందే ఒకప్పుడు ‘ల ఫోనోగ్రాఫిక్’ అనే క్లబ్బు ఉండేది. ఊరంతా ముద్దుగా ఫోనో అనేది. గోత్ క్లబ్బుల్లో ఆదిక్షేత్రం తమదేనని లీడ్స్ వాదన. డ్యాన్సు చేసే చోట నడిమధ్యన ఒక స్తంభం ఉండేదనీ, రెండడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేసే గోత్ నాట్యం ఆ స్తంభానికి గుద్దుకోకుండా ఉండాలనే పుట్టిందనీ పెద్దలు ఇప్పటికీ చెప్తారు. నేను వెళ్ళేనాటికి ఆ క్లబ్బు లేదు. దేవుడు ఎప్పుడో వెళ్ళిపోయిన గుడి ముందు కొబ్బరికాయతో నిలబడ్డాను.

మిగిలింది ఒక పబ్బు మేడమీద శుక్రవారం రాత్రి కూడే సభ. వెళ్దామంటే నల్లబట్టలు లేవు. మా ఇంట్లో నలుపు కొనరు. పట్టుచీరకి నల్లంచు ఉంటేనే మా అమ్మమ్మ రెండు రోజులు ఆలోచించేది. నా పెట్టెలో ఉన్న నల్లరంగంతా ఇంటర్వ్యూ కోసం కుట్టించుకున్న ప్యాంటూ కోటే. అవే వేసుకుని వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి నన్ను కౌన్సిల్ నుంచి తనిఖీకి వచ్చాననుకుని మర్యాదగా ఫైర్ ఎగ్జిట్ చూపించాడు, ఆర్పే సిలిండరు గడువు తేదీ కూడా చదివి వినిపించాడు.

లోపల చూద్దును కదా, అక్కడున్నది మన సంఘమే.

ఒకటే గది, ఒకటే డీజే. ఆ ఒక్క గదిలోకి ఊళ్ళోని తెగలన్నీ వచ్చి పడ్డాయి. ఎనభైల నాటి లేసు చేతితొడుగుల సనాతనులు. కర్మాగారం చప్పుళ్ళే సంగీతమనే ఇండస్ట్రియల్ వాళ్ళు. తలకి మెరిసే ప్లాస్టిక్ గొట్టాలు కట్టుకున్న సైబర్‌గోత్‌లు. అసలు తాము గోత్‌లమే కామనే మెటల్ వాళ్ళు. ఒక కంటి మీదికి జుట్టు దించుకున్న ఎమోలు, వీళ్ళని మిగతావాళ్ళందరూ కలిసి చిన్నచూపు చూస్తారు. లండన్‌లో అయితే ఒక్కొక్కరికీ ఒక్కో క్లబ్బు. ఇక్కడ వంతులవారీగా ఒక్కో తెగకి మూడేసి పాటలు. తమ పాట వచ్చినప్పుడు ఊగుతారు, అవతలివాళ్ళది వచ్చినప్పుడు ‘ఇదీ ఒక పాటేనా’ అని గొణుక్కుంటూ బీరు తెచ్చుకోవడానికి వెళ్తారు. మా ఉగాది సభలో అన్నమయ్య కీర్తన అయిన వెంటనే ఐటం సాంగ్ వస్తుంది. పెద్దలు మొదటిదానికి తలాడించి రెండోదానికి టీ తాగడానికి లేస్తారు. పిల్లలు అదే పని తలకిందులుగా చేస్తారు. అచ్చం ఇదే.

చలికి పనికిరాని బట్టలు వేసుకుని వచ్చి, పైన ఓవర్‌కోటు కప్పుకోవాల్సి వచ్చినందుకు ఏడవడంలో కూడా రెండు జాతులదీ ఒకటే బాధ. పట్టుచీర కనబడకపోతే ఎందుకు కట్టినట్టు? మూడు గంటలు బిగించిన కార్సెట్ కనబడకపోతే ఎందుకు బిగించినట్టు?

ఇంక ‘మా రోజుల్లో’ బ్యాచి ఉంటుంది. మన సభలో ఆయన ఎన్టీఆర్ సినిమా మొదటి రోజు మొదటి ఆట చూసినవాడు. ఇక్కడ ఆయన 1979 సెప్టెంబరులో క్వీన్స్ హాల్లో ఫ్యూచరామా చూసినవాడు. ఒకప్పటి ట్రాముల షెడ్డులో రెండు రోజులు జరిగిన ఆ ఉత్సవంలో జాయ్ డివిజన్ వాయించింది. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, ఆ బ్యాండూ లేదు, ఆయన మాత్రం ఉన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు రోజులూ చెప్తాడు. వినడానికి దాదాపు అంతే సమయం పడుతుంది.

నేను భయపడ్డదల్లా వీళ్ళ దిగులు నాకూ అంటుకుంటుందేమోనని. తీరా చూస్తే ఇంత ఉల్లాసంగా ఉండే జనాన్ని ఈ దేశంలో ఇంకెక్కడా చూడలేదు. ఒకావిడ ఆసుపత్రి నర్సు, ఒకాయన కౌన్సిల్లో లెక్కలు చూస్తాడు, ఇంకొకాయన ప్లంబరు. సాలెగూళ్ళ బొమ్మలున్న స్వెటర్లు స్వయంగా అల్లుకుంటారు. కేకులు చేసి తెస్తారు. రాత్రంతా మరణం గురించి పాడుకున్న మనుషులు విరామంలో పెన్షన్ల గురించి అంత జాగ్రత్తగా మాట్లాడుకోవడం చూసి నేనూ మర్నాడు నా పెన్షన్ కాగితాలు తీసి చదివాను.

ఒక విషయంలో మాత్రం వాళ్ళు వేళాకోళాలు ఆడరు. సభ అయ్యాక ఎవరినీ ఒంటరిగా పంపరు. ఇంటికి చేరాక మెసేజ్ పెట్టాల్సిందే. ఈ అలవాటు నర్సమ్మ తరానికి డెబ్భైల చివర్లో పట్టుకుంది. పీటర్ సట్‌క్లిఫ్ అనేవాడు 1975 నుంచి 1980 దాకా ఉత్తర ఇంగ్లండ్‌లో పదమూడుమంది ఆడవాళ్ళని చంపాడు, అందులో కొందరిని ఇక్కడే. ఆ తర్వాతి తరానికి 2007లో, లాంకషైర్‌లోని బేకప్ అనే ఊరి పార్కులో ఇరవయ్యేళ్ళ సోఫీ లాంకాస్టర్‌ని గోత్‌లా కనబడుతోందన్న ఒక్క కారణానికి కొట్టి చంపినప్పుడు. 2013 నుంచి గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి దాడుల్ని కూడా ద్వేషనేరాల కింద రాసుకుంటున్నారు. నేను మెసేజ్ పెట్టడం మరిచిపోతే ప్లంబరు ఫోన్ చేసి తిడతాడు.

ఇంటివైపు సంగతి. శుక్రవారం సాయంత్రం నేను తయారవుతున్నప్పుడే అమ్మ వీడియో కాల్. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఆవిడకి నిద్ర పట్టలేదు.

‘‘శుక్రవారం పూట ఆ నల్లబట్టలేమిటే?’’

‘‘మీకు పన్నెండు దాటిందిగా అమ్మా, శనివారమేగా. శనివారం నలుపు శనీశ్వరుడికి ప్రీతి.’’

‘‘సూర్యోదయం కాకుండా శనివారం ఎక్కణ్ణించి ఊడిపడిందే? నాకు చెప్తున్నావా పంచాంగం?’’

ఇంతలో ఆవిడ చూపు నా కళ్ళ మీద పడింది. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. ‘‘కాటుక పెట్టుకున్నావుటే! నా బంగారు తల్లి. పదిహేనేళ్ళు మొత్తుకున్నాను.’’ నేను ఆ కాటుకకి కారణం చెప్పి ఆవిడ ఆనందం పాడుచేయలేదు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన ప్లంబరు అప్పుడే తెరలోకి వంగి చెయ్యి ఊపాడు. ఆరడుగుల మనిషి, నాకన్నా నాలుగింతల కాటుక. అమ్మ కాసేపు పరిశీలనగా చూసి అడిగింది: ‘‘పాపం, ఒక్కడే కొడుకా? దిష్టి తగలకుండా బాగా పెట్టారు.’’

నాన్న రాక వేరే కథ. ఆయన చాలా ఏళ్ళు అయ్యప్ప మాల వేసుకున్న మనిషి. అక్టోబరు ఆఖర్లో లీడ్స్ రైల్వే స్టేషన్లో దిగీ దిగగానే, తలనుంచి కాలిదాకా నల్లబట్టల్లో ఒక గుంపు ఎదురైంది. ‘‘దీక్షలు ఇంకా మొదలవలేదుగా?’’ అన్నారు. వాళ్ళు విట్బీకి పోతున్నారని చెప్పాను. అది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. 1897లో వచ్చిన ‘డ్రాక్యులా’ నవలలో ఆ రక్తపిశాచి ఓడ ఆగేది అక్కడే. 1994 నుంచి గోత్‌లు అక్కడ జాతర చేసుకుంటున్నారు. ‘‘యాత్రన్నమాట,’’ అన్నారు నాన్న, ‘‘మనమూ పోదాం.’’

ఆ ఊళ్ళో కొండ మీది చర్చికి 199 మెట్లు. సెయింట్ మేరీస్ చర్చి. డ్రాక్యులా సమాధి ఎక్కడని యాత్రికులు అడిగీ అడిగీ అక్కడివాళ్ళని విసిగించేశారట, ఆయన కథలో మనిషనీ ఇక్కడ సమాధి లేదనీ కాగితం అంటించుకునేదాకా వచ్చింది. మెట్లనిండా టోపీలూ వెల్వెట్ కోట్లూ నల్లగొడుగులూ. నాన్న ఎదురైన ప్రతివాణ్ణీ ‘‘స్వామీ’’ అని పలకరిస్తూ ఎక్కుతున్నారు. వాళ్ళూ తలవంచి జవాబిస్తున్నారు. ‘‘మనకి పద్దెనిమిదే గానీ ముందు కొండెక్కాలి,’’ అని లెక్క సమానం చేసుకున్నారు. సగం దారిలో ఒక బల్ల మీద కూలబడ్డారు. అది పాతకాలంలో శవపేటికలు మోసుకెళ్ళేవాళ్ళు దించుకోవడానికి ఏర్పాటు చేసిన చోటని చెబితే లేస్తారనుకున్నాను. ‘‘బరువు దించుకోవడానికేగా,’’ అని భుజం మీది సంచి కూడా దించారు.

‘‘వీళ్ళ గురుస్వామి ఎవరు?’’

ఎల్డ్రిచ్ సంగతి చెప్పాను. 1990 తర్వాత కొత్త ఆల్బం ఇవ్వలేదనీ, ఊళ్ళు తిరిగి కచేరీలు మాత్రం చేస్తుంటాడనీ, అసలు తను గోత్‌నే కానని ఏళ్ళ తరబడి అంటున్నాడనీ.

‘‘శిష్యులు ఎక్కువైతే గురువులు అలాగే అంటారు,’’ అన్నారు నాన్న, సంచిలోంచి అమ్మ పంపిన వెన్న జంతికల డబ్బా తీస్తూ. పక్కనే ఆగి ఆయాసం తీర్చుకుంటున్న టోపీ ఆయనకి చాచారు. ఆయన సంతోషంగా చెయ్యి పెట్టబోయి, ఇందులో పాలూ వెన్నా ఏమైనా ఉన్నాయా అని నన్నడిగాడు. ఉందన్నాను. ఆయన వీగన్‌నని చెప్పి, గుండెల మీద చెయ్యి వేసుకుని క్షమాపణ చెప్పుకున్నాడు. ఒకటి విరిచి నేను నచ్చజెప్పబోతుంటే నాన్న నన్ను కసిరారు.

‘‘బలవంతం చెయ్యకే. దీక్షలో ఉన్నవాళ్ళు బయటివాళ్ళు పెట్టింది తినరు.’’