పేరులో లేనివాడు

1967లో లండన్‌లో పీటర్ గ్రీన్ అనే ఇరవయ్యేళ్ల గిటారిస్టు సొంతంగా ఒక బ్యాండ్ పెట్టాడు. అప్పటికే అతను పేరు మోసినవాడు. జాన్ మేయాల్ నడిపే బ్లూస్‌బ్రేకర్స్‌లో ఎరిక్ క్లాప్టన్ ఖాళీ చేసిన చోట నిలబడి, ఇక్కడ క్లాప్టన్ లేడే అన్న దిగులు జనానికి లేకుండా చేశాడు. కొత్త బ్యాండ్‌కు తన పేరే పెట్టుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

అతను ఆ పని చేయలేదు. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ ఇంటిపేరుకు, బేస్ గిటార్ వాయించే జాన్ మెక్‌వీ ఇంటిపేరులోని మొదటి ముక్క కలిపి 'ఫ్లీట్‌వుడ్ మాక్' అన్నాడు. ఇంతా చేసి అప్పటికి మెక్‌వీ బ్యాండ్‌లో చేరనే లేదు. మేయాల్ దగ్గర నికరంగా వచ్చే జీతం వదులుకోవడానికి ఆయన వెనకాడుతున్నాడు. ఆగస్టులో విండ్సర్ ఉత్సవంలో తొలి కచేరి జరిగినప్పుడు బేస్ వాయించింది మరొకతను. మెక్‌వీ ఆ తర్వాత కొద్దికాలానికి వచ్చాడు. ఎప్పటికైనా తాను వెళ్లిపోతే ఈ ఇద్దరికీ ఒక బ్యాండ్ మిగలాలని గ్రీన్ ఆనాడే అనుకున్నాడని ఫ్లీట్‌వుడ్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఇరవయ్యేళ్ల వయసులో, తొలి పాట కూడా బయటికి రాకముందే, తాను లేని రోజు గురించి ఆలోచించిన మనిషి అతను. నాకు అతని గిటార్ కంటే ఈ ఒక్క సంగతే ఎక్కువ గుర్తుంటుంది.

పాటలు వచ్చాయి. 1968లో 'బ్లాక్ మేజిక్ వుమన్' రాశాడు. అతని 'ఆల్బట్రాస్'లో ఒక్క మాట కూడా లేదు, అంతా గిటారే. 1969 మొదట్లో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. డబ్బు వచ్చిపడే కొద్దీ గ్రీన్‌కు నిద్ర పట్టకుండా పోయింది. వచ్చిందంతా దానం చేసేద్దామన్నాడు, తక్కినవాళ్లు ఒప్పుకోలేదు. మత్తుమందు అతని మనసును దెబ్బతీసింది. 1970 మేలో బ్యాండ్ వదిలేశాడు. 'బ్లాక్ మేజిక్ వుమన్'ను అదే ఏడాది కార్లోస్ సాంటానా బృందం తిరిగి రికార్డు చేస్తే అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. అది సాంటానా సొంత పాటే అనుకునేవాళ్లు ఇప్పటికీ కోకొల్లలు.

ఇక బ్యాండ్‌లో రాకపోకలు మొదలయ్యాయి. 1971 ఫిబ్రవరిలో గిటారిస్టు జెరెమీ స్పెన్సర్ లాస్ ఏంజిల్స్ హోటల్ గదిలోంచి పుస్తకాల దుకాణానికని బయల్దేరి తిరిగి రాలేదు. వెతగ్గా వెతగ్గా ఒక మతశాఖలో కలిసిపోయాడని తేలింది. పర్యటన మధ్యలో ఆగిపోయే పరిస్థితిలో వాళ్లు ఫోన్ చేసింది పీటర్ గ్రీన్‌కే. అతను వచ్చాడు, మిగిలిన కచేరీలు పూర్తి చేశాడు, వెళ్లిపోయాడు. 1972లో మరో గిటారిస్టు డానీ కిర్వాన్ కచేరి ముందు గిటార్ పగలగొట్టి వేదిక ఎక్కనన్నాడు, అతన్ని తీసేశారు. 1974లో మరీ ఘోరం. బ్యాండ్ పేరు తనదేనంటూ మేనేజరు పూర్తిగా వేరే మనుషులను కూర్చి, 'ఫ్లీట్‌వుడ్ మాక్' అంటూ అమెరికా పంపించాడు. పేరులో ఉన్న ఇద్దరూ తమ పేరు కోసం కోర్టుకెక్కవలసి వచ్చింది. కష్టకాలంలో బండి లాగిన గిటారిస్టు బాబ్ వెల్చ్ కూడా ఆ ఏడాది చివర వెళ్లిపోయాడు. అతని చోట లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ వచ్చారు.

1977లో 'రూమర్స్' వచ్చింది. ఇప్పటికి ప్రపంచమంతటా 4 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అది. అదే ఏడాది లండన్‌లో పీటర్ గ్రీన్, తన అకౌంటెంటును తుపాకీ పేరు చెప్పి బెదిరించిన కేసులో అరెస్టయి, మానసిక వైద్యశాలకు చేరాడు. అతను మళ్లీ గిటార్ పట్టి నలుగురి ముందుకు రావడానికి కొన్నేళ్లు పట్టింది.

1998 జనవరి 12. న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సభ. ఫ్లీట్‌వుడ్ మాక్ తరఫున 8 మందిని గౌరవించారు. 5 ఆల్బమ్‌లకు పనిచేసిన వెల్చ్ పేరు అందులో లేదు. అది అన్యాయమే. గ్రీన్ పేరు మాత్రం ఉంది, అతను వచ్చాడు కూడా. 'రూమర్స్' నాటి ఐదుగురూ వేదిక ఎక్కి తమ పాటలు పాడారు. అదే రాత్రి గ్రీన్ కూడా గిటార్ అందుకుని వేదిక ఎక్కాడు. ముప్పై ఏళ్ల కిందట ఫ్లీట్‌వుడ్ మాక్ కోసం తాను రాసిన 'బ్లాక్ మేజిక్ వుమన్' వాయించాడు.

ఆ రాత్రి గౌరవం అందుకున్నవాళ్లలో కార్లోస్ సాంటానా బృందం కూడా ఉంది. గ్రీన్ ఆ పాట వాయించింది వాళ్లతో.