లాప్‌టాప్‌కు జాతకచక్రం

కంప్యూటర్ వ్యాపారంలో వేళ్లూనిన నూతన జ్యోతిషం ప్రకారం, లాప్‌టాప్ ఆయుర్దాయాన్ని నిర్ణయించేది దాని కట్టుబడి కాదు, అది పుట్టిన సంవత్సరం. మూడేళ్లు నిండితే వార్ధక్యం, ఐదేళ్లు దాటితే మారకదశ. ఆ తరువాత కూడా అది పనిచేస్తూ ఉంటే, తప్పు యంత్రానిదే గాని శాస్త్రానిది కాదు. కంపెనీలు వదిలించుకొన్న ఇటువంటి గతాయువులు సికింద్రాబాదులోని సీటీసీ అనే కంప్యూటర్ల బజారు దుకాణాలకు చేరి, విద్యార్థుల సంచుల్లో రెండో బతుకు మొదలుపెడుతుండడాన్ని ఈ శాస్త్రం ఇంకా గమనించినట్లు లేదు.

ఈ శాస్త్రానికి లొంగని మొండి జాతకాలలో 2011లో లెనోవో విడుదల చేసిన థింక్‌ప్యాడ్ ఎక్స్220 ఒకటి. దాని అపరాధాలు చిన్నవి కావు. అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ చేతికి వస్తుంది. కొద్ది స్క్రూలు విప్పితే హార్డ్‌డిస్కూ, నడుస్తున్న పనిని తాత్కాలికంగా నిలిపి ఉంచే ర్యామ్ అనే మెమొరీ కనిపిస్తాయి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీని డిస్కు స్థానంలో అమర్చి, ర్యామ్‌ను 16 జీబీకి పెంచి, ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే, కాలం చేసిందని ప్రకటించిన ఆ యంత్రమే ఉత్తరాలు, పద్దులు, ప్రోగ్రామింగు అన్నీ చక్కబెడుతుంది. పైగా, ఏ భాగాన్ని ఏ క్రమంలో విప్పాలో వివరించే మరమ్మతు గ్రంథాన్ని తయారీదారే బహిరంగంగా అందరికీ అందించాడు. కొన్నవాడే బాగుచేసుకోగలగడం వ్యాపారధర్మానికి ఎంత విరుద్ధమో వేరే చెప్పనక్కరలేదు. (దాని 1366 బై 768 తెర మాత్రం నాడూ గొప్పది కాదు, దాని చేత 4కె వీడియో ఎడిటింగు చేయించబూనడం మూర్ఖత్వమే.)

తరువాతి కాలం ఈ దోషాలకు సన్నదనమనే ప్రాయశ్చిత్తం కనిపెట్టింది. 2012 నాటి రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి, బ్యాటరీని జిగురుతో అతికించారు. 2016లో అదే వరుస నుండి ఎస్‌డీ కార్డు, హెచ్‌డీఎంఐ పోర్టులను తీసివేయడం సాహసమైంది. 2021లో వాటినే తిరిగి పెట్టడం పురోగతి అయింది. కార్డు పెట్టుకొనే చోటును ఎన్నడూ వదులుకోని ఎక్స్220కి ఏ బిరుదూ దక్కలేదు.

విండోస్ 11తో జాతకానికి శాసనబలం చేకూరింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం మొదలుకొని మాత్రమే ప్రవేశమని 2021లో మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. రహస్య సంకేతాలను భద్రపరిచే టీపీఎం 2.0 అనే ఏర్పాటు ఉండి తీరాలన్నది చెప్పిన కారణాలలో ఒకటి. భద్రత నిజమైన అవసరమే గాని, ఆ ఏర్పాటు ఉన్న ఏడో తరం యంత్రాలు సైతం గుమ్మం బయటే నిలిచిపోయాయి. ఆ వెలివేసిన తరంలోనే 7820హెచ్‌క్యూ వంటి కొద్దింటికి మినహాయింపు లభించింది. ఆ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో కొలువై ఉండడం కేవలం శుభగ్రహ వీక్షణమని నమ్మాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా అందే భద్రతా సవరణలు ఆగిపోయాయి. అయితే పరిహారం లేని దోషం జ్యోతిషంలో ఉండదు గదా! 30 డాలర్లు చెల్లిస్తే, లేదా తన సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకోవడానికి సమ్మతిస్తే, ప్రమాదకరమన్న ఆ యంత్రమే మరో ఏడాది నిరపాయమవుతుంది. సంస్థలకైతే దక్షిణ ఒక్కొక్క యంత్రానికి 61 డాలర్లతో మొదలై ఏటేటా రెట్టింపవుతుంది, మూడేళ్ల తరువాత ఏ శాంతీ పనిచేయదు.