టక్కు టక్కు ట్యాంకు

శ్రీశైలం ఎడమ గట్టున, కొండ కడుపులో ఆరు జలవిద్యుత్ యూనిట్లు. ఒక్కోటి 150 మెగావాట్లు, మొత్తం 900. అదే నాగర్‌కర్నూల్ జిల్లాలోని అచ్చంపేటలో ఓ ఇంటి మిద్దె మీద మాత్రం మోటారుకు స్విచ్చుగా పెట్టిన 5 వోల్టుల రిలేతో కుస్తీ నడుస్తోంది.

కోరిక చిన్నదే. ట్యాంకు నిండగానే మోటారు తనంతట తాను ఆగాలి. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో బోర్డు తెప్పించారు. అక్కడి ఓ బార్ పేరు పెట్టుకున్నందుకేమో, అది నిలబడి పనిచేస్తే ఒట్టు! మోటారు లేవగానే వోల్టేజీ పడుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, రిలే వదిలేస్తుంది. వోల్టేజీ లేస్తుంది, మళ్లీ మొదలు. టక్కు... టక్కు...

రిలే మాడింది. కొత్తదాని కోసం హైదరాబాద్ బస్సెక్కి, కోఠి గుజరాతీ గల్లీ దాకా యాత్ర.

ఈసారి నీళ్లలో వేసిన సెన్సర్ తీగల వంతు. ఎడతెగని డీసీ కరెంటుకు అవి తుప్పు పట్టాయి. నిండు ట్యాంకు కూడా బోర్డు కంటికి ఎండిన బావే!

2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చిన తెలంగాణ ప్రభుత్వం, భూగర్భజలాలు అడుగంటుతాయని కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు పీకేయమంటూ రైతులను బతిమాలింది. ఈ ఇంట్లో ఎవరూ బతిమాలకుండానే ‘ఆటో’ ఊడింది.

ఇప్పుడు ఒకటే సెన్సర్ పనిచేస్తోంది. వాకిట్లోంచి అమ్మ కేక: “కొడుకా, ట్యాంకు నిండి కారవట్టె, మోటరు బంద్ జెయ్!”